తొమ్మిది రోజుల లోటు

అన్నయ్య పేరు ఆ యంత్రానికి ఇవ్వకూడదనే పైడిలక్ష్మి మొదట అనుకుంది. ఇవ్వాల్సిన అవసరమూ లేదు. ఆయన విలువేమిటో ఆమెకు తెలుసు. అసలు ఆ యంత్రం పుట్టిందే ఆయన కోసం.

బొడ్డేపల్లి సన్యాసిరావు నాగావళి విజ్ఞాన సంస్థలో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒకటే పని చేస్తున్నాడు. శ్రీకాకుళం వైపు మెట్ట పొలాల్లో నార కోసం గోగు వేస్తారు. వానలు ముదిరాక ఆ గోగుకి మొదలు కుళ్ళు పడుతుంది. నిన్న నిలువెత్తున ఉన్న చేను ఇవాళ పొద్దుటికి చాపలా పరుచుకుని ఉంటుంది. ఆ కుళ్ళు తెచ్చే బూజుని ఏటేటా పొలాల్లోంచి పట్టుకొచ్చి, గాజు గొట్టాల్లో బతికించి, ఏ ఏటిది ఏ మందుకి లొంగుతుందో, ఏ మందుకి మొండికేస్తుందో చూసి రాసిపెట్టడం ఆయన పని. దాని మీద నలభై ఒక్క పత్రాలు ప్రచురించాడు. ప్రపంచం మొత్తం మీద ఇతర శాస్త్రవేత్తలు తమ రాతల్లో ఆయన పత్రాలను పేర్కొన్నది రెండు వందల పన్నెండు సార్లు.

ఆచార్య పదవి ఇచ్చేటప్పుడు కమిటీ చూసింది ఆ రెండు వందల పన్నెండునే. పక్క శాఖలో చక్రధర్ గారికి ఆరువేల నాలుగు వందల ఉల్లేఖనలున్నాయి. ఆయనా, వేరే ఊళ్ళలో ఇంకో పదిహేనుమందీ జట్టు కట్టి ఒకరి పత్రాల్లో ఒకరి పేర్లు రాసుకుంటారని గేటు దగ్గర కాపలా మనిషికి కూడా తెలుసు. పదవి ఆయనకే వచ్చింది.

ఆ సాయంత్రం సన్యాసిరావు ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చుని, "మంచిదేలే. ఆచార్యుణ్ణయితే కమిటీలకి తిరగాలి. పొలానికెవడెళ్తాడు?" అన్నాడు. వదిన వరాలు మారు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన మారు వద్దనడం పైడిలక్ష్మి అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

అమ్మా నాన్నా పోయాక ఏడేళ్ళ వయసులో ఆమె ఆ ఇంటికి చేరింది. పలక మీద ఎక్కాలు రాయించింది అన్నయ్యే. గోగు మొక్కల వరసల మధ్య నిలబెట్టి, "ఎన్ని ఒరిగాయో లెక్కపెట్టు. అయినంతే చెప్పు. నాకోసం కలపకు, తగ్గించకు" అని లెక్కంటే ఏమిటో నేర్పిందీ ఆయనే. ఆ చేలల్లో మొదలైన లెక్క ఆమెను గణితంలోకీ, అక్కణ్ణించి కంప్యూటర్లలోకీ తీసుకెళ్ళి, చివరికి అదే సంస్థలో ఉద్యోగానికి తెచ్చింది.

ఆయన చెయ్యి అడ్డం పెట్టిన ఆ రోజు నుంచే ఆమె పని మొదలైంది. ఆరేళ్ళు పట్టింది.

ఎన్నిసార్లు పేర్కొన్నారన్నది కాదు అడగాల్సింది, ఆ మనిషే లేకపోతే ఏమయ్యేదన్నది అడగాలి. ఇదీ ఆమె ఆలోచన. ఒక శాస్త్రంలో వందేళ్ళుగా అచ్చయిన ప్రతి పత్రాన్నీ, ప్రతి సిద్ధాంత గ్రంథాన్నీ, సభల్లో చదివి మర్చిపోయిన నివేదికల్నీ యంత్రానికి చదివించింది. ఏ ఆలోచనలోంచి ఏ ఆలోచన పుట్టిందో, ఏ ఊళ్ళో ఎవరు ఏ దారిన వెళ్తున్నారో అది నేర్చుకుంది. అప్పుడు ఒక్క మనిషిని ఆ వందేళ్ళలోంచి తీసేసి, మిగిలినవాళ్ళందరినీ మళ్ళీ మొదటి నుంచి నడిపించమంటే నడిపిస్తుంది. అతను కనిపెట్టింది అతను లేకపోయినా ఎన్నాళ్ళకి బయటపడేదో చెబుతుంది. ఆ ఆలస్యమే అతని లోటు. దాన్ని రోజుల్లో కొలుస్తారు.

ఒకే సంగతిని ఇద్దరు ముగ్గురు విడివిడిగా కనిపెట్టిన సందర్భాలు శాస్త్రచరిత్రలో బోలెడున్నాయి. వాళ్ళలో ముందు చేరినవాణ్ణి తీసేస్తే, రెండోవాడు ఎప్పుడు చేరేవాడో యంత్రం నెల తేడాలో చెప్పింది. మూడు వందల సార్లు పరీక్షించింది పైడిలక్ష్మి. ఎక్కడా తప్పు దొరకలేదు.

జనవరిలో సంచాలకులు నందగోపాల్ గారి గదిలో మొదటి ప్రదర్శన జరిగింది. ఆయన మంచివాడే. పదవుల కోసం వచ్చే సిఫారసులతో విసిగిపోయినవాడు. "ముందు చక్రధర్ గారిని తీయండమ్మా" అన్నాడు మెల్లగా. యంత్రం పదకొండు నిమిషాలు నడిచి తెర మీద ఒక్క అంకె చూపించింది. సున్నా. ఆరువేల నాలుగు వందల ఉల్లేఖనల మనిషి అసలు పుట్టకపోయినా లోకానికి ఒక్క రోజు కూడా ఆలస్యం జరిగేది కాదు.

నందగోపాల్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పైడిలక్ష్మిగారూ, ఇన్నాళ్ళకి న్యాయం జరిగే దారి దొరికింది" అన్నాడు.

ఆమెకు ఒళ్ళంతా తేలికైపోయింది. తన గదికి వచ్చి తలుపేసుకుంది. ఆ సంతోషంలోనే, వద్దనుకున్నదల్లా అన్నయ్య పేరు కొట్టింది. తెర మీద వచ్చేది ముందే చూసినట్టు ఊహించుకుంది. ఆరేడేళ్ళు. పోనీ నాలుగేళ్ళు.

తొమ్మిది రోజులు అని వచ్చింది.

మళ్ళీ నడిపింది. తొమ్మిది. పేరులో ఇంకో సన్యాసిరావు కలిసిపోయాడేమోనని నలభై ఒక్క పత్రాలూ చేత్తో సరిచూసి మూడోసారి నడిపింది. తొమ్మిది.

*

జాబితా ఫిబ్రవరిలో బయటపెట్టారు. ఆపమని ఆమె అడగలేకపోయింది. ఎందుకని నందగోపాల్ అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఒక్క కారణమే ఉంది. దాన్ని చెబితే తనకీ చక్రధర్‌కీ తేడా ఉండదు.

నెల తిరక్కుండా సంస్థలో మాటతీరే మారిపోయింది. "మీ లోటెంత?" అని కాంటీన్‌లో టీ తాగుతూ అడుగుతున్నారు. నూరు రోజులు దాటినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఎక్కువమందివి రెండు, నాలుగు, పదిహేను. పెద్దాయనొకరు పోతే సంతాప సభ పెట్టారు. మాట్లాడేవాడు అలవాటు కొద్దీ "ఆయన లేని లోటు..." అని మొదలెట్టి, సభలో అందరికీ ఆ అంకె తెలుసని గుర్తొచ్చి, అక్కడే ఆగిపోయి, మంచినీళ్ళు తాగి కూర్చున్నాడు.

జాబితా వచ్చాక వారం రోజులు సన్యాసిరావు ఏమీ అడగలేదు. ఆదివారం పొద్దున పైడిలక్ష్మి వెళ్ళేసరికి పెరట్లో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. వరాలు గుమ్మంలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"నాది తొమ్మిదట కదే" అన్నాడు.

"అవునన్నయ్యా."

"ఏటైనా తప్పుందేమో మళ్ళీ చూశావా?"

"మూడుసార్లు చూశాను. అచ్చయినవే చూస్తుందది. నీ పుస్తకాల్లో ఉన్నవి చూడలేదు. అవి కూడా ఇస్తాను. నీ పొలం పుస్తకాలు, రైతులు రాసిన ఉత్తరాలు, అన్నీ ఇవ్వు."

ఆయన ముఖంలో చిన్న వెలుగు వచ్చింది. లోపలికెళ్ళి నోటుపుస్తకాలు మోసుకొచ్చాడు. అరవై మూడు. అట్టల మీద మట్టి మరకలు. కొన్నిటి మధ్య ఎండిన గోగాకులు. వాటిని సర్దిపెట్టడానికి వరాలు కూడా చిక్కుడుకాయలు పక్కన పెట్టి లేచింది. "ఆ ఏడు తుఫానులో తడిసిపోతే నేనే ఒక్కొక్క కాగితం దండెం మీద ఆరేశాను పైడీ. అందులో ఉన్నదంతా రాసుకో. ఒక్కటీ వదలకు" అంది.

అన్నిటినీ చదివించడానికి ఆమెకు పద్దెనిమిది రోజులు పట్టింది. ఒక్క మాట వదల్లేదు. యంత్రం నడిపి, వచ్చిన అంకె చూసింది. తర్వాత సైకిల్ షెడ్డు పక్కనున్న అన్నయ్య ప్రయోగశాలకి నడిచి వెళ్ళింది.

అది ఒక పొడవాటి గది. పద్దెనిమిది డిగ్రీల దగ్గర ఎప్పుడూ చల్లగా ఉంచాలి దాన్ని. చెక్క అరల నిండా మూడు వందల నలభై గాజు గొట్టాలు. ఒక్కొక్క గొట్టంలో ఓట్స్ జావా, దాన్ని గడ్డకట్టించే అగర్ పొడీ కలిపిన ముద్ద, దాని మీద తెల్లగా దూదిలా పెరిగిన బూజు, గొట్టానికి అంటించిన కాగితం మీద ఊరి పేరు, ఏడు. రెండు నెలలకోసారి ఒక్కొక్క దాన్నీ కొత్త గొట్టంలోకి మార్చకపోతే చచ్చిపోతుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన ఏ పెళ్ళికెళ్ళినా ఆ తేదీ చూసుకునే వెళ్ళాడు.

ఆమె రావడం చూసి సన్యాసిరావు చేతిలో గొట్టం అరలో పెట్టాడు.

"చెప్పు."

అబద్ధం చెబుదామనే ఆమె దారంతా అనుకుంటూ వచ్చింది. ఏడాది అని చెబుదామనుకుంది. ఆయన ముఖం చూశాక నోరు రాలేదు.

"తొమ్మిదే అన్నయ్యా. అన్నీ ఇచ్చినా తొమ్మిదే."

"యంత్రం తప్పు కాదు కదా?"

"కాదు."

"సరే" అన్నాడు. "బాగా చేశావు. లెక్క అలాగే ఉండాలి" అన్నాడు. ఆ మాట ఆమెను ఓదార్చడానికే అన్నాడు. కానీ అంటున్నప్పుడు ఆయన కూర్చోవడానికి బల్ల కోసం వెనక్కి తడుముకోవడం ఆమె చూసింది.

*

మార్చిలో ఆజ్ఞలు వచ్చాయి. ముప్పై రోజుల లోపు లోటున్న పరిశోధనలన్నీ మూసేయాలి. వాటిలో ఉన్నవాళ్ళని వేరే పనులకి మార్చాలి. సన్యాసిరావుని పరీక్షల విభాగానికి పంపారు. జవాబు పత్రాల కట్టలు లెక్కచూసి సంతకం పెట్టే పని.

అప్పటికి పైడిలక్ష్మి ఊళ్ళో లేదు. దేశంలో పదకొండు సంస్థలు ఆ కొలమానాన్ని తీసుకున్నాయి. అన్నిచోట్లా ఆమె వెళ్ళి అమర్చాలి. వెళ్ళిన ప్రతిచోటా పూలదండ వేశారు. న్యాయం తెచ్చిన మనిషి అన్నారు. నిజానికి ఆ ప్రయాణాల్లో సగం వాయిదా వేయగలిగినవే. ఆ పెరట్లోకి వెళ్ళి అన్నయ్య ఎదురుగా కూర్చోవడం తప్పుతుందనే ఒక్కొక్క ఊరికీ ఒప్పుకుంటూ పోయింది.

ఏప్రిల్ చివర్లో వదిన ఫోన్ చేసింది.

"ఆ చల్లగది కరెంటు తీసేశారటే పైడీ. ఆ గొట్టాలన్నీ ఎండకి పోతాయట. ఈయన వెళ్ళి ఒక్క మాట అడగలేదు."

"అన్నయ్యకి ఇవ్వు వదినా."

ఫోన్ చేతులు మారింది. "ఏటమ్మా, బాగున్నావా?"

"గొట్టాలు అన్నయ్యా. డైరెక్టరు గారితో నేను మాట్లాడతాను."

"వద్దు. నా వాటికి జతలన్నీ బెంగాల్లో హాల్దార్ దగ్గరున్నాయిలే. పదిహేనేళ్ళుగా ఒకరికొకరం పంపించుకుంటున్నాం. తొమ్మిది రోజుల పనికి గది ఎందుకు? ఎవరికైనా పనికొచ్చేవాళ్ళకి ఇస్తారు" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే ఆమె తట్టుకునేది.

"పొద్దున్నే పొలానికి వెళ్తున్నావా?"

"ఎందుకే?" అన్నాడు ఆయన.

ఆ తర్వాత వదిన మళ్ళీ తీసుకుని గొంతు తగ్గించింది. "తెల్లారి లేస్తాడు. చెప్పులేసుకుంటాడు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ విప్పేస్తాడు. నువ్వొకసారి రావే."

ఆమె నందగోపాల్‌తో మాట్లాడలేదు. అన్నయ్యే వద్దన్నాడు కదా అని తనకి తాను చెప్పుకుంది. ఇంటికీ వెళ్ళలేదు.

జూన్‌లో పన్నెండో సంస్థ నుంచి ఒక ప్రశ్న వచ్చింది. ఒక మనిషిని తీసేసినప్పుడు అతని పని ఎవరు చేస్తున్నట్టు యంత్రం భావిస్తోందో, ఆ పేర్లు కూడా చూపించగలరా అని. అవి యంత్రంలో ఉండనే ఉన్నాయి. అంకె ఒక్కటే చాలని ఆమె వాటినెప్పుడూ తెర మీదకి తీసుకురాలేదు. ఉదాహరణ కోసమని చూస్తూ, చేతికి ముందొచ్చిన పేరు కొట్టింది. ఆరేళ్ళుగా మనసులో ఉన్న పేరు ఒక్కటే.

సన్యాసిరావుని తీసేస్తే, ఆయన పని మొత్తం తొమ్మిది రోజుల ఆలస్యంతో చేసే మనిషి పేరు వచ్చింది. నిర్మల్ హాల్దార్.

అన్నయ్య ఫోన్‌లో అన్న పేరే అది. హాల్దార్ పేరు కొట్టింది. బెంగాల్‌లో అతని సంస్థ కూడా ఆ పదకొండులో ఒకటి. లోటు నాలుగు రోజులు. అతను లేకపోతే అతని పని చేసే మనిషి పేరు బి. సన్యాసిరావు.

ఇద్దర్నీ కలిపి తీసింది. పదకొండు నిమిషాలకి ముగిసే పని గంటన్నర దాటినా ముగియలేదు. చివరికి అంకె రాలేదు. ఆలస్యం వందేళ్ళ హద్దు దాటింది అని వచ్చింది.

*

నందగోపాల్ ఆ కాగితాలు రెండుసార్లు చదివాడు.

"ఒక్కొక్కరినీ తీస్తే లోటు లేదు సార్" అంది పైడిలక్ష్మి. "రెండోవాడు ఉన్నాడు, అతను చేస్తాడు అని యంత్రం లెక్క. ఆ లెక్క నిజమే. కానీ రెండోవాడి దగ్గరకెళ్ళి, మొదటివాడున్నాడని అతన్నీ తీసేశాం. వ్యవసాయ శాస్త్రాల్లో మనతో కలిపి ఈ పన్నెండు చోట్లా ముప్పై రోజుల లోపున్నవాళ్ళు నాలుగు వందల పన్నెండుమంది. అందర్నీ కలిపి తీసి చూశాను. శాస్త్రం అసలు నడవడమే మానేసింది. మిగిలిన గొప్పవాళ్ళు కూడా ఎక్కడివాళ్ళక్కడే ఆగిపోయారు."

"ఇది ముందే తెలీలేదా మీకు?"

"అడగలేదు సార్. ఆ ప్రశ్న నేను దాన్నెప్పుడూ అడగలేదు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. బయట పరీక్షల విభాగం వరండాలో ఎవరో కట్టలు మోస్తున్నారు. "ఆజ్ఞలు పైనుంచి వచ్చాయి. వెనక్కి తీసుకోమని ఇవాళే రాస్తాను. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను" అన్నాడు. ఆ తర్వాత చాలా నెమ్మదిగా, "నాది ఆరు రోజులు, తెలుసా? ఎవరికీ చెప్పలేదు. అప్పట్నుంచీ ఒక్క పేజీ చదవలేదు నేను" అన్నాడు.

ఆమె వరండాలోకి వచ్చి హాల్దార్‌కి ఫోన్ చేసింది. ముసలి గొంతు, నిదానమైన ఇంగ్లీషు. సన్యాసిరావు చెల్లెల్నని చెప్పగానే అతను సంబరపడిపోయాడు. రావు బాబు ఎలా ఉన్నాడు, ఈ ఏడు వానలు పడ్డాయా, గోగు మొలిచిందా అని అడిగాడు. తన ప్రయోగశాల మార్చిలోనే మూసేశారని మామూలుగా చెప్పాడు.

"మరి మీ దగ్గరున్న బూజు కల్చర్లు?"

"ఆవిరిలో ఉడికించి పారబోశాం. నా చేత్తో నేనే చేశాను. బాధ లేదమ్మా. రావు బాబు దగ్గర అన్నిటికీ జతలున్నాయిగా. ఆ ధైర్యంతోనే చేశాను."

అతను రెండుసార్లు "హలో" అన్నాడు. రావు బాబుకి నమస్కారాలు చెప్పమన్నాడు.

*

పరీక్షల విభాగానికి వెళ్ళి అన్నయ్యని బయటికి పిలిచి, నిలబడే అంతా చెప్పింది. ఆయన తల వంచుకుని విన్నాడు. ఆమె ఏడుస్తూ, "నీ విలువ తొమ్మిది రోజులు కాదన్నయ్యా. నేనే తప్పుగా అడిగాను" అంటే, ఆయన ఆ మాట వినిపించుకోనట్టే, "హాల్దార్ అన్నీ పారబోశాడా? ఒక్కటీ ఉంచుకోలేదా?" అన్నాడు.

"లేదు."

"తాళం ఎవరి దగ్గరుంది?"

తాళం తెప్పించి గది తెరిచేసరికి లోపల్నుంచి వేడి మొహాన కొట్టింది. రెండు నెలల ఎండ ఆ గదిలో నిలవుండిపోయింది. అరల్లో గొట్టాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కాగితాల మీద ఊళ్ళ పేర్లు కూడా చెక్కుచెదరలేదు. లోపలి ముద్దలు మాత్రం ఎండి, బీటలు తీసి, గోధుమరంగు చెక్కుల్లా గాజుకి అతుక్కుపోయాయి.

"చూద్దాం" అన్నాడు సన్యాసిరావు. "కొన్ని మొండివి ఉంటాయి."

సెలవు పెట్టేశాడు. వరాలు ఇంటి దగ్గర పెద్ద గిన్నెలో ఓట్స్ ఉడికించి వడకట్టి పంపించింది. కొత్త గొట్టాలు సిద్ధం చేశారు. బర్నర్ వెలిగించి, మంటలో సూది ఎర్రగా కాల్చి, చల్లార్చి, ఒక్కొక్క ఎండు చెక్కులోంచి చిన్న ముక్క తీసి కొత్త ముద్ద మీద పెట్టడం. పైడిలక్ష్మి పేర్లు రాసింది. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా, నాలుగు రోజులు. ఒక్కొక్క గొట్టం తీసినప్పుడు ఆ చేను గురించి చెప్పేవాడు. ఇది పొందూరు అవతల, చెరకు పక్క మడిలో. ఇది వానలో జారిపడి మోకాలు కొట్టుకున్న ఏడు. ఇది నువ్వు పదో తరగతి పరీక్షలు రాస్తున్నప్పుడు. ఎన్నో నెలల తర్వాత ఆయన గొంతు మామూలుగా ఉండటం విని ఆమె ఆశపడింది.

బూజు బతికుంటే మూడో రోజుకి తెల్లగా కనబడాలి. మూడో రోజు ఏమీ లేదు. వారం చూశారు. పది రోజులు చూశారు. పదమూడు గొట్టాల్లో ఏదో పచ్చగా లేచింది. ఆయన భూతద్దం పెట్టి చూసి, "ఇది మన ఊరగాయ జాడీల మీద వచ్చేదే" అని పక్కన పెట్టాడు.

పన్నెండో రోజు నోటుపుస్తకం తెరిచాడు. అరవై నాలుగోది. తేదీ వేసి, మూడు వందల నలభై ఊళ్ళ పేర్లూ వరసగా రాసి, ఒక్కొక్క దాని ఎదురుగా 'పెరుగుదల లేదు' అని రాసుకుంటూ వెళ్ళాడు. కింద 'పైదే' అన్న గుర్తులు పెట్టి వదిలేయొచ్చు. వదిలేయలేదు. అన్నిసార్లూ రాశాడు. పైడిలక్ష్మి పక్కనే నిలబడి ఆ రాతని చివరి దాకా చూసింది. చూడటం తప్ప తనకి ఇంకేం మిగల్లేదని ఆమెకి తెలుసు.

నందగోపాల్ పంపిన ఉత్తరానికి 'పరిశీలనలో ఉంది' అని జవాబు వచ్చింది. ఆ తర్వాత ఆయన ముందుగానే పదవీవిరమణ తీసుకుని వెళ్ళిపోయాడు. పన్నెండో సంస్థ యంత్రాన్ని అమర్చుకుంది. పేర్లు అక్కర్లేదు, అంకె ఇస్తే చాలు అన్నారు.

ఆగస్టులో వానలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం గొర్లె ముసలినాయుడు అనే రైతు పరీక్షల విభాగం వెతుక్కుంటూ వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా సన్యాసిరావుకి తెలిసిన మనిషి. తడిసిన తలపాగా విప్పి, గోనె సంచిలోంచి నాలుగు గోగు మొక్కలు బల్ల మీద జవాబు పత్రాల పక్కన పెట్టాడు. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన పైడిలక్ష్మి అక్కడే ఉంది.

"బాబూ, మీ పాత ఆఫీసుకెళ్తే మీరిక్కడున్నారని సెప్పినారు. రెండు రోజుల్లో సగం సేను పడిపోనాది. ఇది ఎప్పట్లాటి కుళ్ళు కాదు బాబూ, మొదలు కాదు, నడుం కాడ పట్టినాది. మన వూరే కాదు, ఆ పక్క మూడూళ్ళూ ఇలగే ఉన్నాయి."

సన్యాసిరావు మొక్క చేతిలోకి తీసుకున్నాడు. కుళ్ళిన చోట గోటితో గీరాడు. వాసన చూశాడు. కిటికీ దగ్గరకెళ్ళి వెలుగులో తిప్పి తిప్పి చూశాడు.

"పాత మందు కొట్టావా?"

"రెండుసార్లు కొట్టినాను. దానికి లెక్కలేదు. ఏటి కొట్టమంతారు బాబూ?"

ఎప్పటిదో పాత రకం మళ్ళీ లేచిందా, కొత్తది పుట్టిందా అన్నది పాతవాటి పక్కన పెట్టి చూస్తే వారంలో తేలుతుంది. ఏ మందుకి లొంగుతుందో ఇంకో వారంలో తెలుస్తుంది. పక్కన పెట్టి చూడటానికి ఏమీ లేదు. ముసలినాయుడు తలపాగా చేతిలో పట్టుకుని, ఇరవై ఏళ్ళుగా ఎదురుచూసినట్టే ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు.

"నాకు తెలీదు నాయుడూ" అన్నాడు సన్యాసిరావు.

ముసలినాయుడికి అర్థం కాలేదు. నవ్వాడు. "మీకు తెలకపోతే ఇంకెవరికి తెలుస్తాది బాబూ? పోనీ ఇంకెవరి కాడకైనా ఎళ్ళమంతారా?"

సన్యాసిరావు చెల్లెలి వైపు చూశాడు. ఆ చూపులో నింద లేదు. నిజంగా అడుగుతున్నాడు, ఎవరైనా ఉన్నారా అని. ఆమె తల అడ్డంగా ఊపింది.

ముసలినాయుడు మొక్కల్ని మళ్ళీ సంచిలో పెట్టుకోబోయాడు.

"ఉంచు" అన్నాడు సన్యాసిరావు. కానీ ఎక్కడ ఉంచాలో ఆయనకి తోచలేదు. వాటిని చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వాటి వేళ్ళ నుంచి బురద నీళ్ళు జవాబు పత్రాల మీద పడుతున్నాయి.